ఇంటికి ఆఫర్ పెడుతున్న టెక్కలి తమ్ముడికి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లెటూరు. ఇంగ్లండ్ వచ్చి రెండేళ్లయింది. నేను, మా ఆవిడ, ఏడాది పాప రెడింగ్‌లో అద్దెకుంటున్నాం. 3,10,000 పౌండ్లు చెబుతున్న ఇల్లొకటి మాకు బాగా నచ్చింది. ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. "ఇంకో ఇద్దరు పోటీలో ఉన్నారు, మీరు ఎంతదాకా రాగలరో చెప్పేయండి, ఓనర్‌తో మాట్లాడి సెట్ చేస్తా" అంటున్నాడు. మనిషి చాలా మర్యాదస్తుడు. ఉన్న మాట చెప్పేయమంటారా? మా దగ్గరున్నదీ, నాన్నగారు పొలం అమ్మి పంపేదీ కలిపితే 45,000 దాకా ఉంటుంది. నాలుగు రోజులుగా నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

జవాబు:

తమ్ముడూ, చెప్పకు. మళ్లీ ఫోన్ వస్తే "ఈమెయిల్‌లో రాస్తానండీ" అని మర్యాదగా పెట్టేయి. మిగతాది తీరిగ్గా చదువు.

పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూద్దామని సెలవు పెట్టి విజయనగరం వచ్చాను. నిన్న అయ్యకోనేరు వైపున్న నాన్నగారి స్థలం బేరానికి బ్రోకర్ ఇంటికొచ్చాడు. టీ తాగుతూ మా ముందే అవతలి పార్టీకి ఫోన్ చేసి, "మాస్టారు దిగనంటున్నారు, నువ్వే గజానికి ఇంకో ఐదొందలు ఎక్కు" అన్నాడు. ఇరువైపులా కమీషన్ తీసుకునే మనిషి కాబట్టి అతనికి బేరం కుదరడమే ముఖ్యం. మనం కూడా అతని దగ్గర ఏదీ దాచుకోం. అమ్మాయి పెళ్లికని అమ్ముతున్నామనీ, చేతిలో ఇంతే ఉందనీ చెప్పుకుంటాం. ఆ అలవాటుతోనే ఇంగ్లండ్‌లో ఎస్టేట్ ఏజెంటు ముందు కూర్చుంటాం. అక్కడ మామూలుగా అతనికి కమీషన్ ఇచ్చేది అమ్మేవాళ్లు మాత్రమే. చట్టం ప్రకారం కూడా అతను వాళ్ల మనిషి. ఎంత మంచివాడైనా, నువ్వు చెప్పిన అంకెను వాళ్లకు చేరవేయడం అతని ఉద్యోగం.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. 2016లో మిల్టన్ కీన్స్‌లో 2,85,000 చెబుతున్న ఇల్లు చూశాం. "మీ బడ్జెట్ చెబితే ఇలాంటివే ఇంకో రెండు చూపిస్తాను" అని ఏజెంటు ఎంతో ఆప్యాయంగా అడిగాడు. 2,80,000 దాకా అయితే ఫర్వాలేదన్నాను. మర్నాడు 2,65,000కి ఆఫర్ పెట్టాం. గంట తిరక్కుండా ఫోన్ వచ్చింది, ఓనర్లు సరిగ్గా 2,80,000 అయితే ఇస్తారట. ఒక్క పౌండు అటూ ఇటూ లేదు. ఆ ధరకే కొన్నాం. తాళాలు తీసుకున్న రోజు పాత ఓనరమ్మ వంటగది చూపిస్తూ, ఇల్లు అమ్మకానికి పెట్టి నాలుగు నెలలైందనీ, 2,70,000 వచ్చినా చాలనుకున్నామనీ అంది. పది వేల పౌండ్లు, నా ఒక్క మాటకి. ఆ రోజు మా ఆయన నన్ను ఏమీ అనలేదు. అదే నాకు ఇంకా ఎక్కువ బాధ.

ఇక నీ ఏజెంటు చెబుతున్న "ఇంకో ఇద్దరు" సంగతి. నిజంగా ఉండవచ్చు. లేని ఆఫర్‌ని ఉన్నట్టు చెప్పడం మాత్రం చట్టవిరుద్ధం. 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టం, దాని కింద 1991లో వచ్చిన ఉత్తర్వు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వచ్చిన ఆఫర్‌ని వెంటనే, రాతపూర్వకంగా అమ్మేవాళ్లకు తెలపాలి. ఫలానా రకం ఆఫర్లు మాకు చెప్పొద్దని వాళ్లే రాసిచ్చి ఉంటే తప్ప ఏజెంటు తన దగ్గరే ఆపేయడానికి లేదు. అవతలివాళ్లు ఎంత పెట్టారో నీకు చెప్పాల్సిన పని లేదు. అందుకని ఈమెయిల్‌లో ఒక్క ప్రశ్న వెయ్యి: "వేరే ఆఫర్లు నిజంగా మీ చేతికి వచ్చాయా, లేక చూసి వెళ్లినవాళ్లు ఆసక్తి చూపారా?" ఫోన్‌లో ఇద్దరని చెప్పినవాళ్లు ఈమెయిల్‌లో "చాలా ఆసక్తి ఉంది" అని రాయడం నేను రెండుసార్లు చూశాను.

ఆఫర్ కూడా ఈమెయిల్‌లోనే పెట్టు. ఇంటి చిరునామా, మీ ఇద్దరి పేర్లు, అంకె, "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్ అండ్ సర్వే" అన్న మాట (కాంట్రాక్టు, ఇంటి తనిఖీ అయ్యాకే ఖాయమని), మీ సాలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) పేరు. వీటన్నిటికంటే ముందు రాయాల్సింది నీ బలం. నువ్వు అద్దెకుంటున్నావు, అమ్ముకోవాల్సిన ఇల్లు లేదు, అంటే నీ వెనక చైన్ లేదు. ఆ దేశంలో ఒకరి కొనుగోలు ఇంకొకరి అమ్మకం మీద ఆధారపడి నలుగురైదుగురు వరసగా వేలాడుతుంటారు, మధ్యలో ఒక్కరు జారినా అందరిదీ ఆగిపోతుంది. చైన్ లేని నీలాంటి కొనుగోలుదారుకి రెండు మూడు వేలు తక్కువకైనా ఇల్లు ఇచ్చినవాళ్లున్నారు. ఆఫర్ ఒప్పుకుంటే ఇల్లు మార్కెట్ నుంచి తీసేసి, ఇంకెవరికీ చూపించకూడదన్న షరతు కూడా అందులోనే రాయి.

ఇంత అప్పు ఇవ్వగలమని బ్యాంకు ముందుగా ఇచ్చే అగ్రిమెంట్ ఇన్ ప్రిన్సిపుల్ కాగితం దగ్గర మనవాళ్లు చాలామంది దెబ్బతింటారు. నీ జీతానికి 3,20,000 దాకా అప్పు వస్తుందనుకో, ఆ అంకె ఉన్న కాగితం ఏజెంటుకి పంపితే నోటితో చెప్పకపోయినా చెప్పినట్టే. నువ్వు పెడుతున్న ఆఫర్‌కి సరిపోయే అంకెతో కాగితం ఇమ్మని మార్ట్‌గేజ్ బ్రోకర్‌ని (ఇంటి అప్పు కుదిర్చే మనిషిని) అడుగు, నిమిషాల్లో ఇస్తారు. డిపాజిట్ (అప్పు కాకుండా మన చేతినుంచి పెట్టే డబ్బు) రుజువు కూడా అంతే, కావలసినంత మేరకే చూపించు. అప్పు విషయంలో ఏజెంటు ఆఫీసువాళ్లు "మా అడ్వైజర్‌తో మాట్లాడితేనే ఆఫర్ ముందుకెళ్తుంది" అంటారు. నీకు కొనే స్తోమత ఉందో లేదో చూసుకునే హక్కు వాళ్లకుంది. వాళ్ల దగ్గరే అప్పు తీసుకోమని, వాళ్ల సాలిసిటర్‌నే పెట్టుకోమని బలవంతం చేసే హక్కు మాత్రం లేదు. ఆ సేవలు వద్దన్నావని నీ ఆఫర్‌ని పక్కన పెట్టడం కూడా తప్పే. అలా జరిగితే ముందు ఆ ఆఫీసుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. ఎనిమిది వారాల్లో తేలకపోతే అంబుడ్స్‌మన్ (ఏజెంట్ల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ) దగ్గరకు వెళ్లొచ్చు. ప్రతి ఏజెంటూ అలాంటి ఒక పథకంలో సభ్యుడై ఉండాలి.

ఎంతకి పెట్టాలో నేను చెప్పలేను, ఆ వీధి చెబుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 నుంచి అమ్ముడైన ఇళ్ల ధరలు ల్యాండ్ రిజిస్ట్రీ దగ్గర ఉన్నాయి, ఉచితంగా చూడొచ్చు. మన దగ్గర దస్తావేజులో ఒక ధర, చేతులు మారేది ఇంకో ధర. అక్కడ రాసిన ధరే అసలు ధర. వాళ్లు పడకగదులు లెక్కపెడతారు గానీ మనలా కొలతలు మాట్లాడరు. ఆ ఇంటికి కరెంటు, గ్యాస్ వాడకం ఎలా ఉంటుందో చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్ తెరిస్తే ఎన్ని చదరపు మీటర్లో ఉంటుంది, దాంతో పక్క ఇళ్లతో పోల్చుకో. ఆ అంకె తేలాక నీ పై హద్దు కాగితం మీద రాసి, మీ ఆవిడకి మాత్రం చూపించు.

ఇంకోటి. "మాకు తూర్పు ముఖం ఇల్లే కావాలి, ఏడాదిగా వెతుకుతున్నాం" అని ఏజెంటుతో అనొద్దు. నువ్వు ఈ ఇల్లు వదలవని అతనికి అప్పుడే అర్థమైపోతుంది. దిక్కు కావాలంటే చూడ్డానికి వెళ్లకముందే మ్యాప్‌లో చూసుకో.

వాళ్లు సరే అన్నా సంబరపడిపోకు. ఇది చెబితే మా అమ్మ, "ఏటే, బయానా ఇవ్వకుండా ఇల్లు మీదెలా అవుద్ది?" అంది. నిజమే. ఇంగ్లండ్‌లో ఇరువైపులా సంతకం చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునే రోజు వరకు ఎవరి మాటకీ కట్టుబాటు లేదు. ఆ రోజు మామూలుగా పది శాతం కడతాం, అదే మన బయానా అనుకో. ఈలోగా ఇంకెవరో ఎక్కువిస్తామంటే అమ్మేవాళ్లు మాట మార్చొచ్చు, నువ్వూ తప్పుకోవచ్చు. అందుకే ఆ మధ్య రోజులు ఎంత తగ్గితే అంత మంచిది. సాలిసిటర్‌ని ఇప్పుడే మాట్లాడిపెట్టుకో, సర్వే వెంటనే చేయించు. సర్వేలో తేమ, పైకప్పు లాంటి లోపాలు బయటపడితే, మేస్త్రీ ఇచ్చిన ఖర్చు అంచనా జతచేసి ధర తగ్గించమని అడగొచ్చు. స్కాట్లాండ్‌లో పద్ధతి పూర్తిగా వేరు, అక్కడున్నవాళ్లు దీన్ని పట్టుకోవద్దు.

మళ్లీ తమ్ముడు:

అక్కా, చాలా థాంక్స్. ఫస్ట్ టైమ్ బయ్యరా (మొదటిసారి ఇల్లు కొంటున్నారా) అని ఏజెంటు అడిగితే అవునని చెప్పాను, ఇక్కడ మాకేమీ లేదు కదా. శ్రీకాకుళంలో మా మావయ్యగారు పసుపు కుంకుమ కింద మా ఆవిడ పేరున ఇచ్చిన ఇల్లుంది, అద్దెకిచ్చాం. దాంతో ఏమైనా ఇబ్బందా?

జవాబు:

ఇబ్బందే, మంచి పని చేశావు ఇప్పుడే అడిగి. స్టాంప్ డ్యూటీ లెక్కలో ఫస్ట్ టైమ్ బయ్యర్ అంటే ప్రపంచంలో ఎక్కడా ఇల్లు లేనివాళ్లు, ఎప్పుడూ ఉండనివాళ్లు. కానుకగా వచ్చినా, వారసత్వంగా వచ్చినా ఇల్లు ఇల్లే. పైగా ఆ ఇంటి విలువ 40,000 పౌండ్లు, అంటే సుమారు 45-50 లక్షలు, అంతకు మించి ఉంటే రెండో ఇల్లు కింద మొత్తం ధర మీద అదనంగా ఐదు శాతం పడుతుంది. ఈ రేటు 2024 అక్టోబర్ 31 నుంచి ఉంది. కలిసుంటున్న భార్యాభర్తల్ని ఒకటిగానే చూస్తారు కాబట్టి నీ ఒక్కడి పేరున కొన్నా తప్పదు. లెక్క చూడు: 3,00,000కి బేరం కుదిరితే ఫస్ట్ టైమ్ బయ్యర్‌కి డ్యూటీ సున్నా, మామూలు కొనుగోలుదారుకి 5,000, మీకు 20,000. మీ దగ్గరున్న 45,000లో దాదాపు సగం దానికే పోతుంది. ఖాళీ స్థలమో పొలమో అయితే ఈ గొడవ లేదు. ఆఫర్ పెట్టకముందే ఆ ఇంటి కాగితాలు సాలిసిటర్‌కి చూపించి రాతపూర్వకంగా సలహా తీసుకో. ఏజెంటుకి కూడా "మా వెనక చైన్ లేదు, కానీ ఫస్ట్ టైమ్ బయ్యర్లం కాము" అని సరిచేసి చెప్పు. దాచడం వల్ల నీకొచ్చేదేమీ లేదు.

నాన్నగారి డబ్బుకి కాగితాలు ఇప్పటినుంచే పోగుచెయ్యి. ఇది బహుమతి, తిరిగి అడగను, ఇంట్లో వాటా కోరను అని ఆయన సంతకం చేసిన ఉత్తరం, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పొలం అమ్మిన దస్తావేజు కావాలి. దస్తావేజు తెలుగులో ఉంటుంది కాబట్టి ధృవీకరించిన అనువాదం అడుగుతారు. మాకు దీనికే మూడు వారాలు పట్టింది. ఇండియా నుంచి ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. అది రిటర్న్ వేశాక తిరిగొస్తుంది గానీ అప్పటిదాకా ఆ మేరకు నీకు తక్కువే అందుతుంది. అమ్మగారికి కూడా ఆ పొలంలో వాటా ఉంటే ఇద్దరూ విడివిడిగా పంపడం గురించి ఆడిటర్‌ని అడగమను.

మూఢం వస్తోందని తాళాల తేదీ జరపమని మాత్రం ఏజెంటుని అడగకు. కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునేటప్పుడే ఆ తేదీ చైన్‌లో అందరికీ కలిపి ఖాయమవుతుంది, తర్వాత మారిస్తే నష్టపరిహారం నీ మీద పడుతుంది. తాళాలు ఆ రోజే తీసుకో. పాలు పొంగించడం మంచి ముహూర్తం చూసుకుని తర్వాత చేసుకోవచ్చు, మేమూ అలాగే చేశాం.

ఈమెయిల్ రాశాక, పేర్లూ చిరునామా తీసేసి పంపేముందు ఇక్కడ పెట్టు. నేను ఆదివారం దాకా విజయనగరంలోనే ఉంటాను, రాత్రి అందరూ పడుకున్నాక చూసి చెబుతాను.