కెనడా ఒంటారియోలోని పారిస్ ఊరు నదికి అంత ఆనుకొని ఎందుకు కట్టారు?

కిచెనర్‌వాసి:
మొన్న కేంబ్రిడ్జ్ నుంచి పాత రైలు దారి మీద సైకిళ్లు తొక్కుకుంటూ పారిస్ వెళ్లాం. వంతెన మీద నుంచి చూస్తే గ్రాండ్ రివర్ స్ట్రీట్ షాపుల వెనక గోడలు నీళ్లలోంచే లేచినట్టున్నాయి. ఇళ్లేమో చాలావరకు గుట్ట మీద. కొన్నింటి గోడల నిండా గుండ్రాళ్లే. ఆ షాపులు అక్కడే ఎందుకు కట్టారు? ఆ ఊళ్లో ఇల్లు కొనాలనుంది, వరదల టెన్షన్ ఏమైనా ఉందా?

అనంత_రైతుబిడ్డ:
నేనుండేది ఈ ఊళ్లోనే అండీ. నన్నడిగితే ఊరి కథ జిప్సంతో మొదలుపెట్టాలి. మా అనంతపురం వైపు వేరుశనగకు ఊడలు దిగే ముందు మొదళ్ల దగ్గర జిప్సం చల్లి మట్టి ఎగదోస్తాం. సరిగ్గా ఆ జిప్సమే ఇక్కడి నది గట్లలో దొరికింది. కాల్చి పొడి చేస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఊరికి ఆ పేరు అలా వచ్చిందే. అప్పటి రైతులు మాత్రం పొడి కొట్టించి పొలాలకు ఎరువుగా వేసుకునేవారు.

హైరమ్ కేప్రన్ అనే ఆయన పుట్టింది వెర్మాంట్‌లో. ఎరీ సరస్సు దగ్గర నార్మండేల్‌లో ఇనుము కరిగించే వ్యాపారంలో ఉండి, 1829లో ఇక్కడ భూమి కొన్నాడు. నిత్ నది వచ్చి గ్రాండ్ నదిలో కలిసే చోటు ఇది. మరకు కావలసిన నీటి వాలుంది, మరలో ఆడించడానికి జిప్సం ఉంది. ఇంక మనిషి గుట్టెక్కి ఎందుకు కూర్చుంటాడు? పని కింద, కాపురం పైన. మీరు చూసింది అదే.

గుండ్రాళ్లు హిమానీనదాలు వదిలి వెళ్లినవి. పొలాల్లో ఏరి పారేయాల్సిన రాళ్లను, న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చిన లీవై బౌటన్ అనే తాపీమేస్త్రి సున్నంలో వరస మీద వరస కూర్చాడు. 1839 నాటి సెయింట్ జేమ్స్ చర్చి గోడ దగ్గరకెళ్లి చూడండి, వరసల మధ్య సున్నపు గీత ఎంత తిన్నగా ఉంటుందో!

తర్వాత జాన్ పెన్మన్ అల్లిక మిల్లులు వచ్చాయి. 1907 నుంచి 1928 దాకా ఇంగ్లండ్ నుంచి వందల మంది ఆడవాళ్లను మేజోళ్లు, బనియన్ల పనికి రప్పించారు. ఊళ్లో జీతం తెచ్చే ఇల్లాళ్లు అప్పట్లోనే ఎక్కువ. వచ్చినవాళ్లంతా 1876లో గ్రాహం బెల్ బ్రాంట్‌ఫోర్డ్ నుంచి ఇక్కడి చెప్పుల కొట్టుకు టెలిఫోన్‌లో మాట వినిపించిన సంగతే అడుగుతారు. నాకైతే మిల్లు కథే ఎక్కువ నచ్చుతుంది.

బ్రాంట్‌ఫోర్డ్_పద్మ:
తమ్ముడూ, కథ 1829లో మొదలుపెడితే ఎలా? 1784లో హాల్డిమండ్ ప్రకటన కింద గ్రాండ్ నదికి రెండు వైపులా ఆరేసి మైళ్ల భూమి సిక్స్ నేషన్స్ (ఆరు ఆదివాసీ జాతుల కూటమి) వాళ్లకిచ్చారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల పక్షాన పోరాడి సొంత ఊళ్లు పోగొట్టుకున్నందుకు ఇచ్చిన భూమి అది. పారిస్ కూడా అందులోదే. ఇప్పుడు వాళ్ల చేతిలో మిగిలింది అందులో ఇరవయ్యో వంతు. మిగతాది ఎలా పోయిందన్న తగాదా ఇంకా కోర్టుల్లోనే ఉంది.

అనంత_రైతుబిడ్డ:
నిజమే అక్కా, కేప్రన్ కొన్నది ఆ భూమిలోదే.

కిచెనర్‌వాసి గారూ, ఇక ఇంటి సంగతి. గ్రాండ్ మీద ఎగువన 1942లో షాండ్ డ్యామ్ కట్టాక నీళ్లకు కొంత పగ్గం పడింది. నిత్ మీద అలాంటి పెద్ద రిజర్వాయర్ లేదు. ఫిబ్రవరి, మార్చిల్లో వాన పడి మంచు ఒక్కసారిగా కరిగితే ఐసు పలకలు వచ్చి వంపుల్లో ఇరుక్కుంటాయి, వెనక నీళ్లు గంటల్లో పెరుగుతాయి. 2018 ఫిబ్రవరిలో దిగువన బ్రాంట్‌ఫోర్డ్‌లో వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించింది అలాంటి ఐసే. ఇల్లు నచ్చితే అడ్వాన్స్ ఇవ్వకముందే గ్రాండ్ రివర్ కన్జర్వేషన్ అథారిటీ వరద మ్యాపులో ఆ అడ్రస్ కొట్టి చూడండి. గీత లోపల ఉంటే గది కట్టుకోవాలన్నా, మట్టి పోయాలన్నా వాళ్ల పర్మిట్ కావాలి. బేస్‌మెంట్ ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కూడా ముందే అడగండి.