452లో మోగుతున్న పాత పైప్ ఆర్గాన్‌ని 440కి దించాలా, అలాగే ఉంచాలా?

పెరంబూర్ నాన్న:
నీలగిరి వైపు ఓ పాత బంగళా సామాను అమ్ముతుంటే చిన్న పైప్ ఆర్గాన్ కొన్నాను. బీరువా అంత ఉంటుంది, నలుగురు పడితే కదులుతుంది. ఒకే కీబోర్డు, మూడు స్టాపులు (ఒక్కో రకం గొట్టాల వరుసలు), కాలితో తొక్కే తిత్తి. విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లీషు సరుకని అమ్మినాయన మాట. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెడితే A స్వరం 452 హెర్ట్జ్ చూపిస్తోంది. ఆ రోజుల్లో అక్కడ శ్రుతి అంత ఎత్తులోనే ఉండేదట, కాబట్టి కాలం సరిపోయిందనుకున్నా. అమ్మాయి వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది, ఇద్దరం కలిసి వాయించాలంటే ఇప్పటి మామూలు శ్రుతి 440 కావాలి. పియానో ట్యూనర్ ఒకాయన గొట్టాల పైన రేకు టంకంతో అతికి, పొడవు పెంచి దించుతానంటున్నాడు. చేయించమంటారా?

చిత్రిక:
వద్దండీ. ఆ గొట్టాలు సాధారణంగా తగరం, సీసం కలిపిన మెత్తటి లోహం. వేడి కాస్త ఎక్కువైతే అంచు కరిగి కారిపోతుంది. పైగా చెక్క గొట్టాలకి అతుకుతో పనే లేదు. మీది చిన్న ఆర్గాన్ కాబట్టి 8 అడుగుల స్టాపు (అట్టడుగు స్వరానికి ఎనిమిదడుగుల తెరిచిన గొట్టం కావలసిన వరుస) బహుశా పైన బిరడా ఉన్న చెక్క గొట్టాలే అయ్యుంటుంది. పైకొస మూస్తే గొట్టం తన పొడవుకి రెట్టింపు పొడవున్న దానిలా పలుకుతుంది, అందుకే అంత పెట్టెలో ఇమిడింది. బిరడా పైకి లాగితే శ్రుతి దిగుతుంది, నొక్కితే మళ్ళీ ఎక్కుతుంది. అర్ధస్వరంలో (పక్క మెట్టుకున్న తేడాలో) సగం దించడానికి నాలుగడుగుల గొట్టానికి మూడు సెంటీమీటర్ల పైన లాగాలి. అంత చోటుందో లేదో ముందు చూడండి.

కీబోర్డు బాబు:
ఏంటండీ ఈ భక్తి! అదేమైనా ఎగ్మూర్ మ్యూజియం సొత్తా? ఆయన డబ్బు పెట్టి కొన్నారు, కూతురితో వాయించుకోవాలనుకుంటున్నారు. వాయించని వాయిద్యం చెదలకి తిండి. అతికించేయండి గురూగారూ. లేదంటే కంప్యూటర్‌లో హాప్ట్‌వర్క్ వేసుకోండి, నిజమైన చర్చి ఆర్గాన్ల ధ్వనులు దొరుకుతాయి, 440 అంటే 440.

బసవనగుడి:
అతుకు, బిరడా పక్కన పెట్టండి. పెరంబూర్ గారూ, యాప్‌తో చూసినప్పుడు గదిలో ఎంత వేడి ఉంది?

పెరంబూర్ నాన్న:
మధ్యాహ్నం, ఫ్యాన్ ఒక్కటే. గోడ గడియారంలో 32 చూపించింది.

బసవనగుడి:
అయితే మీరు కొలిచింది విక్టోరియా కాలాన్ని కాదు, చెన్నై ఎండని. గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది, గొట్టం పొడవు మాత్రం దాదాపు అంతే ఉంటుంది, దాంతో శ్రుతి ఎక్కుతుంది. డిగ్రీకి సుమారు 3 సెంట్లు, అంటే అర్ధస్వరంలో 3 శాతం. 32 దగ్గర 452 పలికేది 15 డిగ్రీల చలిగదిలో 439 దగ్గర పలుకుతుంది. లండన్ ఫిల్హార్మోనిక్ సొసైటీ పాత ఎత్తు శ్రుతి వదిలి 1896లో దిగింది కూడా 439కే. కాబట్టి ఇది ఆ తర్వాతిది కావచ్చు, పాతదాన్ని మధ్యలో ఎవరో దించి ఉండొచ్చు. శ్రుతితో వయసు తేలదు. హార్మోనియం రీడు ఇలా వేడికి పరుగెత్తదు కాబట్టి మనకి ఈ అనుమానమే రాదు.

ఇక మీ ప్రశ్న. ఏసీ 24కి పెడితే ఇదే ఆర్గాన్ 446 పలుకుతుంది. అమ్మాయి నాలుగు తీగలూ ఆ కాస్త బిగిస్తే సరి. అదే కర్ణాటక వయొలిన్ అయితే ఈ చర్చే ఉండేది కాదు, పాడేవాళ్ళ శ్రుతికి తీగలు బిగించి కూర్చుంటారు.

చిత్రిక:
లెక్క ఒప్పుకుంటా, ఏసీ మాత్రం ఒప్పుకోను. సాయంత్రం గంట ఏసీ, మిగతా రోజంతా సముద్రపు తేమ. చెక్క ముడుచుకుని, ఉబ్బి, మళ్ళీ ముడుచుకుంటుంది. గొట్టాలు నిలబడే గాలిపెట్టె పలక బీటలిస్తే ఒక మెట్టు నొక్కితే పక్క గొట్టం కూడా మూలుగుతుంది. పాత పనిలో తోలు కాచి తీసిన జిగురు వాడేవాళ్ళు, తేమకి అదీ మెత్తబడుతుంది. రోజంతా ఒకేలా ఉంచలేకపోతే ఏసీ జోలికే పోవద్దు.

కీబోర్డు బాబు:
రోజంతా ఏసీనా? కరెంటు బిల్లు మీరు కడతారా?

బసవనగుడి:
చిత్రిక గారి భయం నిజమే. గాలి నేరుగా తగలకుండా, ఏసీ వేసి రెండు మూడు గంటలు ఆగి వాయించినా శ్రుతి కుదురుతుంది గానీ చెక్క సంగతి ఆయన చెప్పిందే. నా ఇంట్లో అయితే 32లోనే వాయించి వయొలిన్‌నే 452కి ఎక్కిస్తా. తీగ తెగితే కొత్తది కొనొచ్చు. చరిత్ర కావాలంటే తిత్తి మడతల్లో, గాలిగొట్టాల్లో అంటించిన కాగితాలు టార్చ్ వేసి చూడండి, పాత చిట్టాలు, పత్రికలు వాడేవాళ్ళు. తేదీ కనిపించినా తొందరపడొద్దు, రిపేరుకి అంటించినదీ కావచ్చు. గొట్టాల మీద చెక్కిన అక్షరాలు కూడా చెప్పండి. చర్చి పేరు దొరికితే ఇంగ్లండ్‌వాళ్ళ నేషనల్ పైప్ ఆర్గాన్ రిజిస్టర్‌లో వెతకొచ్చు.

పెరంబూర్ నాన్న:
కాగితాలు తెల్లవి, రాత లేదు. అక్షరాలున్నాయి. A తర్వాత గొట్టం మీద బి, దాని పక్కన హెచ్ అని ఉంది. హెచ్ స్వరమేంటండీ?

బసవనగుడి:
భలే! అది జర్మన్ పద్ధతి. వాళ్ళకి బి అంటే మన బి ఫ్లాట్, మన బి వాళ్ళకి హెచ్. గొట్టాలు చేసింది ఇంగ్లీషువాడు కాకపోవచ్చు. నేను పైన చెప్పిన 1896 సంగతి కూడా దీనికి వర్తించకపోవచ్చు మరి. స్టాపు గుబ్బల మీద రాతల ఫొటో పెట్టండి, ఈలోపు ఆ ట్యూనర్‌ని ఆగమనండి.

కీబోర్డు బాబు:
జర్మనీదైనా జపాన్‌దైనా అమ్మాయి పరీక్షకి 440యే కదా.

పెరంబూర్ నాన్న:
పరీక్షలో స్కూలువాళ్ళ పియానో ఉంటుంది లెండి. ట్యూనర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి వద్దన్నాను. ఫొటోలు రాత్రికి పెడతా.