మరుగుదొడ్డి గుంటలు తోడే పంపును పేడనీళ్లతో పరీక్షిస్తే సరిపోతుందా?

ప్రశ్న (ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు, తెనాలి)

ట్యాంకర్ లారీ చేరలేని సందుల్లో సిమెంటు వరలు దించి కట్టిన మరుగుదొడ్డి గుంటలను, మనిషి దిగే పని లేకుండా తోడడానికి మేము తోపుడు బండి మీద మూడంగుళాల డయాఫ్రమ్ పంపును (రబ్బరు పొర ముందుకూ వెనక్కీ కదులుతూ పీల్చే పంపును) బిగించాము. మంచినీటితో నిమిషానికి 200 లీటర్లకు పైగా తోడింది, పేడనీళ్లతోనూ ఎక్కడా ఆగలేదు. అయితే నిజమైన గుంట దగ్గర పైనున్న పల్చని నీరు వచ్చినంతసేపు వచ్చి, అడుగున ఉన్న మడ్డి మాత్రం చెంబెడు కూడా రాలేదు. చేసిన ప్రతి మార్పునూ ఎవరో ఒకరి ఇంటి గుంట దగ్గరే పరీక్షించడం మా పనివాళ్ల ఆరోగ్యానికి మంచిది కాదు, ఆ ఇంటివారికీ ఇబ్బందే. మడ్డిని పోలిన మిశ్రమాన్ని షెడ్డులోనే తయారు చేసుకోవాలంటే ఏమేమి కలపాలి? అది అసలు మడ్డికి దగ్గరగా ఉందని ఎలా తెలుస్తుంది?

జవాబు 1 (మెకానికల్ అధ్యాపకుడు)

రంగూ చిక్కదనమూ చూడడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన పంపుకు రెండూ ఒకటి కావు. పంపుకు ముఖ్యమైనవి రెండు: ఒకటి సాంద్రత, రెండోది మట్టి ఇంజినీర్లు కోత బలం అనే గుణం, అంటే పారడం మొదలుపెట్టే ముందు ముద్ద చూపే నిరోధం. నీళ్లు కలిపిన పేడలో ఈ రెండోది దాదాపు ఉండదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఈ పని చేసినవారు బంకమన్ను, కంపోస్టు ఆధారంగా కృత్రిమ మడ్డిని తయారు చేశారు. ఉగాండాలోని కంపాలాలో గుంటల్లోకే పెనెట్రోమీటరు (ముద్దలోకి గుచ్చి దాని గట్టితనం కొలిచే పరికరం) దించి అసలు మడ్డి బలాన్ని కొలిచిన పని కూడా జరిగింది.

మీ పంపు ఎందుకు ఓడిపోయిందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. గొట్టం నిండా ఉన్న ముద్దను కదిలించడానికి కావలసిన పీడనం, కోత బలాన్ని నాలుగు రెట్లు చేసి, గొట్టం పొడవుతో గుణించి, వ్యాసంతో భాగించినంత. బలం 1 కిలోపాస్కల్ అనుకుంటే, 75 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మీటర్ల పొడవు ఉన్న గొట్టానికి 320 కిలోపాస్కళ్లు కావాలి. పీల్చే పంపుకు ప్రకృతి ఇచ్చేది, అంటే చుట్టూ ఉన్న గాలి పీడనం, సుమారు 100 మాత్రమే, అదీ పంపు లోపం లేకుండా పనిచేస్తే. కాబట్టి ఇంజను హార్స్‌పవర్ పెంచితే లాభం లేదు. పీల్చే గొట్టం పొడవు తగ్గించాలి, లేదా గుంటలోనే నీటి ధార కొట్టి మడ్డిని కలియబెట్టి బలం తగ్గించాలి. అయితే పోసిన ప్రతి బిందె నీటినీ మళ్లీ మోసుకుపోవలసింది మీరే.

జవాబు 2 (మట్టి పరీక్షల ల్యాబు ఉద్యోగి)

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. 15 సెంటీమీటర్ల ఎత్తున్న పీవీసీ గొట్టం ముక్కను చదునైన పలక మీద నిలబెట్టి, అందులో మిశ్రమాన్ని నింపి, నెమ్మదిగా పైకి లాగితే ముద్ద కొంత కూలుతుంది. కూలిన ఎత్తును మొత్తం ఎత్తుతో భాగించి, దాని వర్గమూలాన్ని 1 నుంచి తీసివేసి, వచ్చినదాన్ని సాంద్రత, గురుత్వ త్వరణం, గొట్టం ఎత్తు మూడింటి లబ్ధంలో సగంతో గుణించండి. ఉదాహరణకు సాంద్రత ఘనపు మీటరుకు 1200 కిలోలు, అంటే 10 లీటర్ల మిశ్రమం 12 కిలోలు తూగితే, ముద్ద సగానికి కూలినప్పుడు బలం సుమారు 260 పాస్కళ్లు. అసలు కూలకుండా నిలబడితే ఈ పద్ధతి ఇక చెల్లదు, వేన్ పరికరం (ముద్దలో రెక్కలు తిప్పి బలం కొలిచేది) కావాలి.

కంపోస్టు కలిపిన మిశ్రమాన్ని ఎండాకాలంలో రెండు మూడు రోజులకు మించి దాచుకోకండి. పులిసి గాలి బుడగలు కడుతుంది, నిన్నటి కొలత నేటికి పనికిరాదు.

జవాబు 3 (ట్యాంకర్ యజమాని)

అయ్యా, మీరిద్దరూ చెత్తను మరిచిపోయారు. మేము గొట్టం విప్పవలసి వచ్చేది మడ్డి వల్ల కన్నా పాత చీర పేలికలు, శానిటరీ ప్యాడ్లు, షాంపూ ప్యాకెట్లు, వెంట్రుకల ముద్దల వల్లనే ఎక్కువ. మీ మిశ్రమంలో కొలిచి కత్తిరించిన గుడ్డ పేలికలు వేసి, ఎన్ని వేస్తే వాల్వు మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోతుందో లెక్క రాసుకోండి. చిక్కటి ముద్దను ముందుగా తొట్టి అడుగున పోసి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైన పల్చనిది పోస్తే గుంట పొరలు వస్తాయి. షెడ్డు పరీక్షలు ఎంత బాగా సాగినా, నిజమైన గుంట దగ్గర మూత తీసిన వెంటనే ఎవరినీ వంగి చూడనివ్వకండి, ప్రాణం తీసే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు మీ బంకమన్నులో ఉండదు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరమన్న సంగతి మీ పనివాళ్లందరికీ తెలిసి ఉండాలి.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. బంకమన్ను, జల్లెడ పట్టిన కంపోస్టు కలిపి, గొట్టం ముక్కతో కొలిచి, సగానికి కూలే ముద్దను తయారు చేశాము. 6 మీటర్ల గొట్టంతో చుక్క రాలేదు. పంపును తొట్టి పక్కకు జరిపి గొట్టాన్ని 3 మీటర్లకు కోస్తే నెమ్మదిగానైనా వచ్చింది. అధ్యాపకుల వారి సూత్రానికి ఒకటిన్నర మీటర్ల ఎత్తు ఎక్కించే భారాన్ని కలిపి చూస్తే మొదటిదానికి సుమారు 101 కిలోపాస్కళ్లు, రెండోదానికి 59 తేలింది. పేలికల పరీక్షలో మాత్రం అడుగు వాల్వు నాలుగో పేలికకే మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోయింది. ఫ్లాప్ వాల్వుకు (రెక్కలా తెరుచుకుని మూసుకునేదానికి) బదులు బంతి వాల్వు వేసి చూసినవారు ఎవరైనా ఉంటే, బంతి ఎంత బరువుండాలో చెప్పగలరు.