ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరట్లేదు: సాకెట్ సమస్యా, బెల్ట్ బకిల్ మార్చాలా?

కారు 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఆదివారం సీట్లు షాంపూ వాష్ చేయించా. మర్నాటి నుంచి ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరట్లేదు. ఇదివరకు తాళం తిప్పాక ఐదారు సెకన్లలో ఆరిపోయేది.

డ్రైవర్ సీటు కింద పసుపు సాకెట్ ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసి, పది నిమిషాలు ఆగి, సాకెట్ ఊడదీసి చూస్తే ఒక పిన్నుకి పచ్చగా చిలుము పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బిగించా. రెండు రోజులు బాగుంది, మళ్లీ వచ్చింది. సీటు ముందుకు జరిపితే ఒక్కోసారి లైట్ రాదు. స్కానర్‌లో 'డ్రైవర్ ప్రీటెన్షనర్ సర్క్యూట్, రెసిస్టెన్స్ ఎక్కువ' అని వస్తోంది. హారన్, స్టీరింగ్ బటన్లు పనిచేస్తున్నాయి, కాబట్టి అనుమానం స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ మీద లేదు. మల్టీమీటర్ మాత్రం పెట్టలేదు, ఆ కరెంటుకే ప్రీటెన్షనర్ లోపలి పేలుడు మందు పేలొచ్చని భయం.

మెకానిక్ 'బెల్ట్ ఉందిగా, లైట్ వదిలెయ్ అన్నా' అంటున్నాడు. గుద్దుకున్న క్షణంలో బెల్టును బిగించేదే ప్రీటెన్షనర్ కదా, ఎలా వదిలేస్తాం? సర్వీస్ సెంటర్ వాళ్లేమో చూడకుండానే ప్రీటెన్షనర్ ఉన్న బకిల్ మొత్తం మార్చాలంటున్నారు.

ఇలాంటి కోడ్ వచ్చినవాళ్లకి సాకెట్, పిన్నులు మారిస్తే సరిపోయిందా, బకిలే మార్చాల్సి వచ్చిందా?