అప్‌డేట్: బరువు తగ్గింది ఒక్క కిలోనే, కానీ...

మూడు నెలల కిందట అడిగాను, గుర్తుందా? ఆరు వారాలుగా ఒళ్లు వంచి వ్యాయామం చేస్తున్నా బరువు 78 దగ్గరే మొండికేసింది, మానేయనా అని. కొన్నాళ్లు బరువు చూసే మెషీన్ ఎక్కొద్దు, టేపుతో నడుము కొలుచుకో అని మీరంతా అన్నారు. నిజం చెప్పాలంటే అవి ఓదార్పు మాటలే అనుకున్నాను.

ఈ రోజు బరువు 77. నడుము మాత్రం 98 సెంటీమీటర్ల నుంచి 92కి వచ్చింది. మొదట్లో కొలతే తప్పు తీశాను. ఒకసారి బొడ్డు దగ్గర, ఇంకోసారి కాస్త పైన, అదీ పొట్ట లోపలికి పీల్చి (ఎవరిని మోసం చేద్దామనో!). ఇప్పుడు ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు చర్మాన్ని నొక్కకుండా చూస్తున్నాను. రెండు వారాలకోసారి, పొద్దున్నే.

లేవగానే మంచం మీదే మణికట్టు పట్టుకుని నిమిషం పాటు లెక్కపెడితే నాడి 82 ఉండేది, ఇప్పుడు 70. గోడకు ఆనుకుని చేసే పుష్-అప్‌లు నేల మీదకు దిగాయి, ఎనిమిది దాకా. మొన్న మూడో అంతస్తుకు ఫోన్‌లో మాట్లాడుతూనే మెట్లెక్కేశాను. ఆయాసం రాలేదన్న సంగతి ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు.

నిద్ర మాత్రం అంతంతే.

మెషీన్ పారేయలేదు, వారానికోసారి ఎక్కుతున్నాను. రాత్రికి రాత్రే కిలో పెరిగితే అది కొవ్వు కాదు, చాలా వరకు నీళ్లేనని తెలిశాక ఆ టెన్షన్ పోయింది. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పెట్టాను, కాస్త వంకరగా వచ్చింది.