తక్కువ బడ్జెట్‌లో ఓవర్‌క్లాకింగ్ బోర్డు: వీఆర్ఎం మీద పెట్టాలా, ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకి మళ్లించాలా?

కొత్తబిల్డర్:
అన్నలూ అక్కలూ, కొత్తగా గేమింగ్ పీసీ కట్టుకుంటున్నా. ఇప్పుడు ఆడేది 1080పీ, ముందుముందు 1440పీకి పోవచ్చు. సీపీయూ రైజెన్ 5 7600ఎక్స్ అని దాదాపు ఫిక్స్ అయిపోయా, గొడవంతా మదర్‌బోర్డు దగ్గరే. ఏఎండీ చిప్‌సెట్ల ప్రకారం కింద చూస్తే వీఆర్ఎం (సీపీయూకి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) మీద వేడి లాగే హీట్‌సింక్ కూడా లేని ఏ620, మధ్యలో మామూలు బీ650, పైన 14 ఫేజులు 16 ఫేజులు (వీఆర్ఎంలో కరెంటు పంచుకునే విభాగాలు) అని అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో రాసుకున్నవి. నాకు ఓవర్‌క్లాక్ చేయాలని, అంటే చిప్పుని కంపెనీ ఇచ్చిన స్పీడ్ కంటే పైకి లాగాలని గట్టిగా ఉంది. ఫ్రెండ్ ఒకడేమో బోర్డు దగ్గర పిసినారితనం చేస్తే తర్వాత ఏడుస్తావ్ అంటాడు, ఇంకొకడేమో ఆ తేడా డబ్బుతో ఒక మెట్టు పైన గ్రాఫిక్స్ కార్డు వస్తుంది కదరా అంటాడు. ఇద్దరూ చెప్పేది కరెక్టే అనిపిస్తోంది, మీరే తేల్చండి.

ఫ్రేమ్స్‌ఫస్ట్:
రెండో ఫ్రెండ్ మాట విను. గేమింగ్ పీసీ అని నువ్వే అంటున్నావ్, గేముల్లో ఫ్రేములు ఇచ్చేది గ్రాఫిక్స్ కార్డు, బోర్డు కాదు. ఒకే సీపీయూ, ఒకే ర్యామ్ తీసుకెళ్లి చవక బోర్డులో పెట్టినా ఖరీదైన బోర్డులో పెట్టినా గేముల్లో వచ్చే తేడా కంటికి కనపడదు. పైగా 7600ఎక్స్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 5.3 గిగాహెర్ట్జ్ దాకా తనంతట తాను బూస్ట్ అవుతుంది, అందులో మనం పిండుకోవడానికి మిగిలింది చాలా తక్కువ. రాత్రంతా కూర్చుని వోల్టేజ్‌లు మార్చి మార్చి చివరికి రెండు మూడు ఫ్రేములు చూసుకోవడం అంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

కరెంటుబాబాయ్:
అలా ఒక్క మాటలో కొట్టిపారేస్తే ఎలా ఫ్రేమ్స్? అతను అడిగింది ఓవర్‌క్లాక్ గురించి. ముందు ఒకటి క్లియర్ చేద్దాం, ఏ620లో సీపీయూ ఓవర్‌క్లాకింగ్ అధికారికంగా లేదు, ర్యామ్‌కి ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పెట్టె మీద రాసిన స్పీడ్‌కి తెచ్చే సెట్టింగ్) మాత్రం ఉంది. బీ840 అని ఒకటుంది, నంబర్ చూసి బీ650 కంటే పెద్దదనుకుని కొనేవాళ్లున్నారు, అందులో కూడా సీపీయూ ఓవర్‌క్లాక్ లేదు. కాబట్టి కొత్తబిల్డర్ తమ్ముడూ, నీ లిస్టులోంచి ఆ రెండూ కొట్టేయ్. బీ650, బీ850 నుంచి మొదలుపెట్టు.

ఇక వీఆర్ఎం. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టుల్ని సీపీయూకి కావాల్సిన ఒకటీ చిల్లర వోల్టుకి దించేది అదే. 7600ఎక్స్‌కి సాకెట్ దగ్గర పవర్ పరిమితి 142 వాట్లు. లెక్క కోసం అదంతా కోర్ వీఆర్ఎం నుంచే పోతోందనుకుందాం, 1.25 వోల్టుల దగ్గర చూస్తే దాదాపు 114 ఆంపులు. సామర్థ్యం 90 శాతం వేసుకుంటే సుమారు 16 వాట్లు వీఆర్ఎంలోనే, ఎక్కువగా ఆ చిన్న చిన్న మాస్‌ఫెట్ల (కరెంటు స్విచ్‌ల) మీద వేడిగా మారుతుంది. దాని మీద అల్యూమినియం ముక్క కూడా లేని బోర్డులో, పైగా లిక్విడ్ కూలర్ పెట్టి సాకెట్ చుట్టూ గాలే ఆడకుండా చేస్తే ఆ వేడి ఎక్కడికి పోతుంది? వీఆర్ఎం వేడెక్కిపోయి సీపీయూ స్పీడ్ పడిపోతే జనం సీపీయూని తిడతారు, కూలర్‌ని తిడతారు, బోర్డు వైపు మాత్రం చూడరు.

ఫ్రేమ్స్‌ఫస్ట్:
బాబాయ్ ఆ 142 వాట్లు సినీబెంచ్ లాంటి సీపీయూ టెస్టులో బాబాయ్. గేముల్లో ఆ ఆరు కోర్ల చిప్పు అంత ఎక్కడ లాగుతుంది, చాలా టైటిళ్లలో ఆ పరిమితి దరిదాపుల్లోకి కూడా రాదు. గేమింగ్ పీసీకి రెండరింగ్ లెక్కలు చెప్తే ఎలా.

కరెంటుబాబాయ్:
షేడర్లు (గేము గ్రాఫిక్స్ గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు చూశావా ఎప్పుడైనా? అన్ని కోర్లూ నిండిపోతాయ్. అయినా నేను 16 ఫేజులు కొనమన్నానా, హీట్‌సింక్ ఉన్నది కొనమన్నా.

పాతకాపు98:
మీ ఇద్దరి గొడవ చూస్తుంటే నవ్వొస్తోంది. ఓవర్‌క్లాకింగ్ అంటే మా రోజుల్లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ. 1998లో వచ్చింది, మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్, అంటే బోర్డు ఇచ్చే బస్సు స్పీడ్‌కి నాలుగున్నర రెట్లు, ఆ 66 మెగాహెర్ట్జ్ బస్సుని 100కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది, యాభై శాతం ఊరికే! అప్పుడు బోర్డు ఎంపికే అసలు ఆట, ఎందుకంటే ఆ 100 మెగాహెర్ట్జ్ బస్సు ఇచ్చేది 440బీఎక్స్ లాంటి చిప్‌సెట్. 2011లో శాండీ బ్రిడ్జ్‌తో ఇంటెల్ క్లాక్ జనరేటర్‌ని చిప్‌సెట్‌లోకి లాగేసుకుంది, బేస్ క్లాక్ (ఆ మూల స్పీడ్) కాస్త కదిపితే బోర్డులో మిగతావన్నీ దాంతో పాటు కదిలిపోయేవి, అక్కడితో చవక చిప్పు కొని పెద్ద చిప్పు చేసుకునే సరదాకి తెర పడింది. తర్వాత నుంచి కే అక్షరం ఉన్న చిప్పుకి, జెడ్ అక్షరం ఉన్న బోర్డుకి విడివిడిగా డబ్బులు కట్టాలి. చెప్పొచ్చేదేంటంటే ఇంటెల్ వైపు బడ్జెట్ ఓవర్‌క్లాకింగ్ అన్న మాటకే అర్థం లేదు, ఆ విషయంలో ఏఎండీ నయం, బీ సిరీస్ బోర్డులో కూడా తాళం తీసి ఇస్తోంది.

చిప్‌సెట్‌చిన్నా:
పాతకాపు గారూ, పూర్తిగా అర్థం లేదు అనకండి. 2021లో బీ560 నుంచి ఇంటెల్ బీ బోర్డుల్లో కూడా ర్యామ్ ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు. 12వ తరంలో ఎక్స్‌టర్నల్ క్లాక్ జనరేటర్ పెట్టిన కొన్ని బీ660 బోర్డుల మీద కే లేని చిప్పుల్ని కూడా బేస్ క్లాక్‌తో పైకి లాగారు కదా. కాకపోతే ఆ బోర్డులు చవక కాదనుకోండి, అది వేరే సంగతి.

ఇంకోటి, ఇంటెల్ 13, 14 తరాల కే చిప్పులు సెకండ్ హ్యాండ్‌లో కనపడితే ఎగబడకండి. 2024లో బయటపడిన అస్థిరత గొడవ గుర్తుందిగా, ఎక్కువ వోల్టేజ్‌కి చిప్పు లోపల అరిగిపోయి క్రాష్‌లు, 0ఎక్స్129, తర్వాత 0ఎక్స్12బి అని మైక్రోకోడ్‌లు (చిప్పు నడకని సరిచేసే అప్‌డేట్‌లు) వదిలారు, వారంటీ కూడా ఇంకో రెండేళ్లు పెంచారు. కొత్త బయోస్ (బోర్డుని నడిపే మూల ప్రోగ్రాం) వేస్తే ఇకమీదట అరగడం ఆపుతుందేమో కానీ, ఇప్పటికే అరిగిన చిప్పుని బాగు చెయ్యదు.

కొత్తబిల్డర్:
లేదు లేదు, ఏఎండీ కొత్త సాకెట్ ఏఎమ్5 అనే డిసైడ్ అయ్యా. నా డౌట్ ఒకటే, ఫేజుల గురించి రాసే ఈ 8+2, 12+2+1 ఇవి నమ్మొచ్చా?

కరెంటుబాబాయ్:
అంకెని చూసి కొనకు తమ్ముడూ. ముందున్న అంకె కోర్లకి, రెండోది ఎస్ఓసీకి (సీపీయూలో ర్యామ్ కంట్రోలర్ లాంటివి ఉండే భాగానికి), అంతవరకే దాని అర్థం. 12 అని రాసినా లోపల కంట్రోలర్ నుంచి వచ్చే సిగ్నళ్లు ఆరే ఉండి, ఒక్కో సిగ్నల్‌కి రెండేసి జతలు కట్టి 12 అని లెక్కేస్తారు. అది దొంగతనమేం కాదు, కరెంటు నిజంగానే పంచుకుంటాయి, కానీ పక్క కంపెనీ వాడి నిజం 8 కంటే ఇది గొప్ప అనుకోవడానికి లేదు. చూడాల్సింది వేరే. పవర్ స్టేజ్ ఎన్ని ఆంపులది, డీఆర్‌మాస్ (స్విచ్‌లూ వాటిని నడిపేదీ ఒకే చిప్పులో) వాడారా, విడివిడి మాస్‌ఫెట్లు వాడారా, హీట్‌సింక్ నిజంగా మందంగా ఉందా లేక బొమ్మ వేసిన రేకు తొడుగా, అది కాయిల్స్‌ని కూడా తాకుతోందా. 50, 60 ఆంపుల డీఆర్‌మాస్ ఎనిమిది ఉండి పైన సరైన హీట్‌సింక్ ఉంటే నీ 7600ఎక్స్‌కి ఎక్కువే. రేపు ఎనిమిది కోర్ల చిప్పు పెట్టినా చలించదు.

ఫ్రేమ్స్‌ఫస్ట్:
ఇదిగో, ఇప్పుడు బాబాయ్ కూడా మధ్యలో ఉన్న బోర్డు చాలంటున్నాడు, నేను మొదటి నుంచీ అదే అంటున్నా.

కరెంటుబాబాయ్:
నువ్వన్నది బోర్డు ఏదైనా ఒకటే అని. మాట మార్చకు.

సాకెట్‌సత్తెమ్మ:
అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదు. గ్రాఫిక్స్ కార్డు మూడేళ్లకో నాలుగేళ్లకో మారుస్తారు, బోర్డు అలా కాదు. ఏఎమ్4 చూడండి, 2017లో వచ్చింది. 2020లో ఏఎండీ మొదట రైజెన్ 5000 పాత బోర్డులకి ఇవ్వం అంది, జనం గోల చేస్తే బీ450కి ఇచ్చింది, 2022కి వచ్చేసరికి బీ350 వాళ్లకి కూడా వచ్చింది. అంటే 2017లో బీ350 కొన్నవాళ్లు ఐదేళ్ల తర్వాత అదే బోర్డులో 5800ఎక్స్3డీ (అదనపు క్యాష్ మెమరీ ఉన్న గేమింగ్ చిప్పు) వేసుకుని ఇంకో మూణ్ణాలుగేళ్లు లాగేశారు. ఏఎమ్5కి కూడా 2027, ఆ తర్వాత దాకా సపోర్ట్ అని ఏఎండీనే చెప్పింది. రేపు ఇదే సాకెట్‌లో పెద్ద చిప్పు దించాలంటే ఈ రోజు బోర్డు మీద కొంచెం ఎక్కువ పెట్టడంలో తప్పేముంది? 7950ఎక్స్ పవర్ పరిమితి 230 వాట్లు, మామూలు బోర్డులో పెట్టి చూడండి తెలుస్తుంది.

ఫ్రేమ్స్‌ఫస్ట్:
సత్తెమ్మక్కా, మీరు చెప్పిన ఉదాహరణే నా వైపు మాట్లాడుతోంది చూడండి. బీ350 అంటే ఏమంత ఘనమైన వీఆర్ఎం? అందులోనే 5800ఎక్స్3డీ హాయిగా నడిచింది. ఏఎమ్5లో కూడా గేమర్ వెళ్లేది ఎక్స్3డీ వైపే, 16 కోర్ల వైపు కాదు. 7800ఎక్స్3డీకి పరిమితి 162 వాట్లు అని రాసి ఉన్నా గేముల్లో అందులో సగం కూడా చాలాసార్లు వాడదు. పైగా దానికి మల్టిప్లయర్ తాళమే తీయలేదు, 9800ఎక్స్3డీకి తీశారనుకోండి. అంటే అప్‌గ్రేడ్ చేసేకొద్దీ గేమర్‌కి వీఆర్ఎం అవసరం పెరగట్లేదు, అలాగే ఉంటోంది లేదా తగ్గుతోంది.

సాకెట్‌సత్తెమ్మ:
వీఆర్ఎం వరకు సరే, అక్కడ నీ మాట కాదనను. కానీ బోర్డు అంటే అదొక్కటేనా? బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేని బోర్డు కొని, డబ్బాలో పాత బయోస్‌తో వస్తే కొత్త చిప్పు పెట్టినప్పుడు స్క్రీన్ రాదు. అప్పుడు అప్‌డేట్ కోసం ఇంకొకరి పాత సీపీయూ అడుక్కోవాలి. ఫ్లాష్‌బ్యాక్ ఉంటే సీపీయూ లేకుండానే పెన్‌డ్రైవ్ పెట్టి, ఫైలు పేరు మాన్యువల్‌లో చెప్పినట్టు మార్చి, బటన్ నొక్కితే అయిపోతుంది. డీబగ్ లైట్లు కూడా అంతే, సీపీయూనా ర్యామా గ్రాఫిక్స్ కార్డా ఏది మొరాయిస్తోందో చెప్తాయి. ఓవర్‌క్లాక్ చేసేవాడికి ఆ లైట్లు లేకపోతే చీకట్లో తడుముకోవడమే. క్లియర్ సీమాస్ బటన్ (బయోస్ సెట్టింగులు మొదటికి తెచ్చేది) వెనకాల ఐఓ ప్లేట్ మీద ఉంటే మరీ మంచిది, స్క్రూడ్రైవర్‌తో రెండు పిన్నులు కలపడానికి క్యాబినెట్ విప్పక్కర్లేదు.

చిప్‌సెట్‌చిన్నా:
+1. నన్నడిగితే ఈ తరంలో ఓవర్‌క్లాక్ అంటే రెండే పనులు. ఒకటి ర్యామ్, డీడీఆర్5 6000, సీఎల్30 (ర్యామ్ జవాబిచ్చే ఆలస్యం, తక్కువైతే మంచిది) కిట్, రెండు స్టిక్కులే. నాలుగు పెడితే రైజెన్ 7000కి అధికారిక స్పీడే 5200 నుంచి 3600కి పడిపోతుంది, కాబట్టి నాలుగు స్లాట్ల బోర్డు కొన్నానని సంబరపడి నాలుగూ నింపొద్దు. 6000 దగ్గర మెమరీ కంట్రోలర్ 3000 మెగాహెర్ట్జ్‌తో ఒకటికి ఒకటి నడుస్తుంది. ఇంకా పైకి లాగాలంటే అడ్డం పడేది ఎక్కువ సార్లు సీపీయూలోని కంట్రోలరే, బోర్డు కాదు. అందుకే 8000 సపోర్ట్ అని పెట్టె మీద రాశారని దానికి ఎక్స్‌ట్రా కట్టకండి.

రెండు, పీబీఓ (బూస్ట్ పరిమితులు పెంచే ఏఎండీ సెట్టింగ్), దాంతో కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో స్పీడ్‌కి ఇచ్చే వోల్టేజ్‌ని దించేది). అన్ని కోర్లనీ ఒకే స్పీడ్ దగ్గర కట్టేసే పాత పద్ధతి వద్దు, ఒకటి రెండు కోర్లు పైకి ఎగిరే బూస్ట్ పోతుంది. కర్వ్‌లో మైనస్ 15, మైనస్ 20 అలా దించుకుంటూ వస్తే అదే వేడిలో ఎక్కువ క్లాక్ వస్తుంది. ఇక్కడ చాలామంది బోల్తా పడేదెక్కడంటే, సినీబెంచ్ అరగంట నడిచింది కదా స్టేబుల్ అనుకుంటారు. కర్వ్ ఎక్కువ దించితే చాలాసార్లు క్రాష్ లోడ్‌లో రాదు, ఖాళీగా బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడు వస్తుంది, ఎందుకంటే ఒకే కోర్ ఎక్కువ క్లాక్‌కి ఎగిరేది అప్పుడే. కోర్ కోర్‌కీ విడిగా టెస్ట్ చేయాలి, ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ ఎర్రర్లు (విండోస్ రాసుకునే హార్డ్‌వేర్ తప్పులు) ఉన్నాయేమో చూడాలి.

పాతకాపు98:
ఎక్స్‌పో పెట్టాక ఎస్ఓసీ వోల్టేజ్ మీద ఒక కన్నేసి ఉంచండి. 2023 ఏప్రిల్‌లో ఎక్స్3డీ చిప్పులు కాలిపోయిన ఫొటోలు వచ్చాయిగా, కొన్ని బోర్డులు ఎక్స్‌పో ఆన్ చేయగానే ఆ వోల్టేజ్ మరీ పెంచేశాయి, తర్వాత ఏఎండీ 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసింది. పాత స్టాక్ బోర్డు దొరికితే ముందు బయోస్ అప్‌డేట్, ఆ తర్వాతే ఎక్స్‌పో. ఖరీదైన బోర్డు కొన్నాం కదా అది చూసుకుంటుందిలే అనుకోకండి, ఆ గొడవలో పెద్ద బోర్డులు కూడా ఉన్నాయి.

కొత్తబిల్డర్:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఇక్కడిదాకా నాకర్థమైంది ఇది, ఏ620, బీ840 వద్దు, ఇంకా ఖరీదైన ఎక్స్670 వద్దు, డీఆర్‌మాస్, హీట్‌సింక్, ఫ్లాష్‌బ్యాక్ ఉన్న బీ650 తీసుకుని మిగిలింది గ్రాఫిక్స్ కార్డులో కలుపుతా. లిక్విడ్ కూలర్ అనుకున్నా, అది కూడా మానేసి టవర్ ఎయిర్ కూలర్‌కి మారుతున్నా. సెకండ్ హ్యాండ్ బోర్డు అయితే ఓకేనా?

కరెంటుబాబాయ్:
ఓకే, కానీ సాకెట్ చూడకుండా కొనకు. ఏఎమ్4లో పిన్నులు సీపీయూకి ఉండేవి, ఏఎమ్5లో బోర్డుకి వచ్చాయి, 1718 ఉంటాయి, ఒక్కటి వంగినా ఏదో ఒక ర్యామ్ ఛానల్ పనిచెయ్యకపోవచ్చు. టార్చ్ వేసి పక్క నుంచి చూడు, వరుసలో మెరుపు ఎక్కడైనా తేడాగా ఉంటే వదిలెయ్. సాకెట్ మీద ప్లాస్టిక్ మూత లేకుండా అమ్మేవాడి దగ్గర అసలే వద్దు.

ఫ్రేమ్స్‌ఫస్ట్:
నేనింకా అంటున్నా, 7600ఎక్స్ బదులు మామూలు 7600 తీసుకో, 88 వాట్ల పరిమితి, దానికీ మల్టిప్లయర్ తాళం లేదు, పీబీఓ ఆన్ చేస్తే ఎక్స్‌కి దగ్గరగా వచ్చేస్తుంది. డబ్బాలో కూలర్ కూడా వస్తుంది, కావాలంటే దాంతోనే మొదలుపెట్టొచ్చు. ఆ కూలర్ గాలి కిందకి కొడుతుంది కాబట్టి బాబాయ్ గారి వీఆర్ఎం కూడా చల్లబడుతుంది 😄

కరెంటుబాబాయ్:
ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటా. పీబీఓ పెట్టాక మాత్రం ఆ చిన్న కూలర్ సరిపోదు, టవర్ ఉంచుకో తమ్ముడూ.

చిప్‌సెట్‌చిన్నా:
మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ఎక్స్‌పో పెట్టినప్పుడు కూడా ఏఎమ్5 మెమరీ ట్రైనింగ్‌కి (ర్యామ్‌తో సెట్టింగులు కుదుర్చుకోవడానికి) నిమిషాల కొద్దీ టైం తీసుకుంటుంది, స్క్రీన్ నల్లగానే ఉంటుంది, ర్యామ్ లైటు వెలుగుతూ ఉంటుంది. బోర్డు పోయిందనుకుని పవర్ బటన్ నొక్కేసి, ర్యామ్ పీకి మళ్లీ పెట్టి, ట్రైనింగ్ మళ్లీ మొదటికి తెచ్చుకోకు. అప్పటికీ రాకపోతే ఏ లైటు దగ్గర ఆగిందో ఇక్కడ పెట్టు, చూద్దాం.