పాత అథర్న్ ఇంజనుకు శబ్దమూ, దానంతట అదే నడిచే వరుసా అమర్చడం ఎలా?

షెల్ఫ్‌రైలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటున్నాను. ఆ మధ్య ఇక్కడ జరిగిన మోడల్ రైళ్ల ప్రదర్శనలో ఒక పెద్దాయన దగ్గర అథర్న్ అనే మోడల్ రైళ్ల కంపెనీ నీలం పెట్టెల్లో అమ్మిన కాలం నాటి జీపీ38-2 డీజిల్ ఇంజను మోడల్‌ను కొన్నాను. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు ఇంజనులో 87వ వంతు. బరువైన లోహపు ఫ్రేము, మోటారుకు చెరో వైపు ఒక ఫ్లైవీల్ ఉన్నాయి. కాస్త గరగరమంటుంది గానీ బాగానే తిరుగుతుంది. ఇందులో డీకోడర్ (పట్టాల మీదుగా వచ్చే డిజిటల్ ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న బోర్డు) లేదు, పెట్టుకోవడానికి సాకెట్టూ లేదు. పట్టాలకు డీసీ కరెంటు ఇస్తే నడుస్తుంది, తీసేస్తే ఆగుతుంది, అంతే.

మా ఇంట్లో గోడకు 8 అడుగుల పొడవున ఒక చెక్క బిగించి, దాని మీద ఒకే ఒక లైను వేశాను. ఒక బటన్ నొక్కగానే ఇంజను స్టార్టయిన శబ్దం రావాలి. కాసేపు ఐడిల్‌లో ఉండి, గంట మోగిస్తూ రెండు పొట్టి కూతలు వేసి కదలాలి. దారిలో ఉన్న లెవెల్ క్రాసింగ్ దగ్గర ఇక్కడి పద్ధతి ప్రకారం రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు కూత వేయాలి. చివర ఉన్న గోదాము దగ్గర బ్రేకుల కీచు శబ్దంతో ఆగి, అర నిమిషం తరువాత మూడు పొట్టి కూతలతో వెనక్కి రావాలి. ఇదంతా నేను ముట్టుకోకుండా జరగాలి.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన ఒక డీకోడర్‌ను తెప్పించి, మోటారుకు పైన కనబడే రేకుకూ ఫ్రేముకూ తీగలు కలిపి డీసీసీ (పట్టాల కరెంటులోనే డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) పట్టాల మీద పెట్టాను. సన్నటి పొగ వచ్చి ఆగిపోయింది. తప్పు డీకోడర్‌దా, నాదా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరు.

టంకంపొడి

ఏమీ అనుకోకండి గానీ, తప్పు మీదే. నేనూ నా మొదటి డీకోడర్‌ను సరిగ్గా ఇలాగే కాల్చుకున్నాను. ఆ కాలపు అథర్న్ ఇంజన్లలో ఒక పట్టా నుంచి వచ్చే కరెంటు బోగీల (ఇంజను కింద చక్రాలను పట్టి ఉంచే చట్రాల) మీదుగా ఫ్రేములోకి వస్తుంది. మోటారు అడుగున ఉన్న బ్రష్ క్లిప్పుకు రెండు కొమ్ముల్లాంటివి ఉండి అవి ఫ్రేమును తాకుతాయి కనుక, కరెంటు అక్కడి నుంచి నేరుగా మోటారులోకి పోతుంది. రెండో పట్టా కరెంటు బోగీల పైకి పొడుచుకు వచ్చిన రేకుల నుంచి, మోటారు మీదుగా వెళ్లే పొడవాటి రేకు ద్వారా పై క్లిప్పుకు చేరుతుంది. డీసీ మీద నడిచినంత కాలం ఈ ఏర్పాటులో ఏ లోపమూ లేదు. డీసీసీలో మాత్రం పట్టాల కరెంటు ముందు డీకోడర్‌లోకే పోవాలి, మోటారుకు డీకోడర్ నుంచే రావాలి. మోటారు కొస ఒకటి ఫ్రేమును తాకుతూ ఉంటే పట్టాల కరెంటు డీకోడర్ అవుట్‌పుట్‌లోకి ఎదురు తన్నుతుంది. మీరు చూసిన పొగ అదే.

కాబట్టి మోటారును ఫ్రేము నుంచి పూర్తిగా విడదీయడం మొదటి పని. మోటారు కింద ఉన్న మెత్తని బొడిపెలను అడుగు నుంచి నొక్కితే మోటారు పైకి వస్తుంది. దాన్ని తలకిందులు చేసి అడుగు క్లిప్పును తీయాలి. ఇక్కడ జాగ్రత్త: క్లిప్పు కింద చిన్న స్ప్రింగు, దాని కింద కార్బన్ బ్రష్ ఉంటాయి; వేలు అడ్డం పెట్టకపోతే స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడిందో కనబడదు. నేను ఒక సాయంత్రమంతా టార్చి పట్టుకుని తివాచీ మీద వెతికాను. క్లిప్పు కొమ్ములను కత్తిరించి, దానికి సన్నని తీగను టంకం వేసి, తిరిగి బిగించాలి. క్లిప్పు మోటారులో ఉండగా టంకం వేస్తే ఆ వేడికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మోటారు కూర్చునే చోట ఫ్రేము మీద కాప్టాన్ టేపు (కరెంటు పారనివ్వని, వేడిని తట్టుకునే టేపు) రెండు పొరలు అతికించండి. అన్నీ బిగించాక మల్టీమీటరు పెట్టి, మోటారు రెండు కొసల్లో ఏదీ ఫ్రేముకు గానీ చక్రాలకు గానీ కలవడం లేదని నిర్ధారించుకున్న తరువాతే డీకోడర్‌ను పెట్టె నుంచి బయటకు తీయండి.

డీసీసీ డీకోడర్ తీగల రంగులు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే. ఎరుపు, నలుపు పట్టాల నుంచి వచ్చేవి. నారింజ, బూడిద రంగులవి మోటారుకు. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం ఆ దీపాలకు ఉమ్మడి పాజిటివ్. ఫ్రేము ఏ పట్టాకు కలిసి ఉందో మీటరుతో చూసుకుని ఆ వైపు తీగను ఫ్రేముకు మరతో బిగించండి, రెండోదాన్ని బోగీల పై రేకులకు కలపండి. పాత దీపపు బల్బు కూడా ఫ్రేముకే కలిసి ఉంటుంది. దాన్ని తీసేసి 1,000 ఓముల రెసిస్టరుతో ఒక ఎల్‌ఈడీ పెట్టుకోవడం మేలు.

డీకోడర్ కొనేముందు ఇంకో కొలత ఉంది. ఇంజనుకు 12 వోల్టుల డీసీ ఇచ్చి, చక్రాలు తిరగకుండా ఒకటి రెండు క్షణాలు అదిమిపట్టి, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూడండి. నా దానికి 1.3 ఆంపియర్లు వచ్చింది. శబ్దం కూడా ఇచ్చే లోక్‌సౌండ్ 5 అనే డీకోడర్ మామూలు సైజుది మోటారుకు 1.5 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు, దాని మైక్రో రకం ఆ సగమే ఇస్తుంది. చోటు కలిసివస్తుందని మైక్రో కొనుక్కున్నవారు తరువాత బాధపడతారు.

శబ్దం ఫైలును ఎంచుకునేటప్పుడు ఒక మాట. అసలు జీపీ38-2లో ఉండేది టర్బో లేని 16 సిలిండర్ల, ఈఎండీ కంపెనీ 645 రకం ఇంజను, 2,000 హార్స్‌పవర్. జీపీ40-2లో ఉన్నది టర్బో ఉన్న 645. పేర్లు దగ్గరగా ఉన్నాయని టర్బో ఈల ఉన్న ఫైలు ఎక్కించారంటే, రోజూ ఈ రైళ్లను చూసే మీ పొరుగువాడు నవ్వుతాడు.

మూడోపట్టా

నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడి మార్క్‌లిన్ కంపెనీ పాత మోడల్ ఇంజన్లతో నాకు ఇరవై ఏళ్లుగా సహవాసం. వాటి సంగతి ఇంకో రకం: 16 వోల్టుల ఏసీ మీద నడుస్తాయి, 24 వోల్టుల దెబ్బ తగిలితే లోపలి రిలే దిశ మారుస్తుంది. డీకోడర్ పెట్టాలంటే సాధారణంగా మోటారు ఫీల్డ్ కాయిల్‌ను తీసి శాశ్వత అయస్కాంతాన్ని పెట్టాలి. ఒకసారి చేశాను, ఇంజను చక్కగా నడిచింది. అయినా ఆ రిలే టక్కుమనే చప్పుడు పోయినందుకు ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంది.

అందుకే నా సలహా వేరు. మీ ఇంజనును అలాగే ఉంచండి. చెక్క కింద ఒక మంచి స్పీకరు, డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న ఎంపీ3 బోర్డు, ఒక ఆర్డునో (ప్రోగ్రాం రాసుకోగల చిన్న కంట్రోలర్ బోర్డు) పెట్టి డీసీ కరెంటును ఆర్డునోతోనే పెంచి తగ్గించండి. 8 అడుగుల చెక్కకు శబ్దం కింది నుంచి వచ్చినా చెవికి తేడా తెలియదు. ఇంజనులో పట్టే వేలెడంత స్పీకరు కంటే బల్ల కింది 10 సెంటీమీటర్ల స్పీకరే డీజిల్ ఇంజను గంభీరతను బాగా పలుకుతుంది.

నాచ్8

నేను విజయవాడలో ఉంటున్న విశ్రాంత లోకో పైలట్‌ను. మోడళ్ల తీగలు నాకు తెలియవు. మనవడు పెట్టుకున్న ట్రైన్ సెట్టు చూస్తూ ఈ చర్చల్లోకి వచ్చాను. శబ్దం గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి.

బొమ్మ ఇంజన్లలో నేను చూసే పెద్ద పొరపాటు, వేగమూ శబ్దమూ కలిసి పెరగడం. అసలు డీజిల్ ఇంజను అలా ప్రవర్తించదు. డ్రైవరు నాచ్ (ఇంజను శక్తిని పెంచే మీట మెట్టు) పెంచగానే ముందు ఇంజను రొద పెరుగుతుంది, ఆ తరువాత బండి బరువును లాగుతూ మెల్లగా కదులుతుంది. మేము నడిపిన ఆల్కో డబ్ల్యూడీఎం-2లో 2,600 హార్స్‌పవర్ ఉన్నా, నాచ్ పెంచిన తరువాత టర్బో అందుకునేదాకా నల్లటి పొగ కక్కుతూ అక్కడే రొప్పేది. అలాగే వేగం అందుకున్నాక నాచ్ దించేస్తే ఇంజను ఐడిల్‌కు వస్తుంది, బండి మాత్రం అదే వేగంతో జారిపోతూనే ఉంటుంది. మీ జీపీ38-2కు టర్బో లేదంటున్నారు కనుక అంత ఆలస్యం ఉండదు, కానీ రొద ముందు, కదలిక తరువాత అన్న క్రమం దానికీ వర్తిస్తుంది. గోదాము దగ్గరకు వచ్చేటప్పటికి ఇంజను ఐడిల్‌లో ఉండాలి. వినిపించవలసింది చక్రాలూ బ్రేకులూ మాత్రమే.

టంకంపొడి

నాచ్8 గారూ, మీరు చెప్పినదానికే లోక్‌సౌండ్‌లో ఏర్పాటు ఉంది. స్టార్ట్ అయ్యాక నడవమని ఆదేశించినా, రొద పెరిగే శబ్దం వినిపించాకే డీకోడర్ మోటారును కదిలిస్తుంది. డ్రైవ్ హోల్డ్ అనే ఫంక్షన్ నొక్కితే చక్రాల వేగం అక్కడే నిలిచి, త్రాటిల్ ఇంజను శబ్దాన్ని మాత్రమే పెంచుతుంది, తగ్గిస్తుంది. షెల్ఫ్‌రైలు గారి వరుసకు ఇదే ప్రాణం, ఇదే చిక్కు కూడా. ఆదేశం ఇచ్చిన క్షణానికీ ఇంజను కదిలే క్షణానికీ మధ్య కొన్ని సెకన్లు పోతాయి కనుక, "పది సెకన్లు నడిచి ఆగు" అని కాలంతో లెక్కగట్టిన వరుస నిలవదు. దానికి తోడు పాత మోటారు చల్లగా ఉన్నప్పుడు నడిచినట్టు వేడెక్కాక నడవదు; పదో ట్రిప్పుకు ఇంజను గోదాము గోడను ఢీకొంటుంది. వరుసను స్థానంతో కట్టండి, కాలంతో కాదు.

డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఆర్డునో మెగా 2560 మీద, మోటారు షీల్డుతో (దాని మీద అమర్చి పట్టాలకు కరెంటు ఇచ్చే బోర్డుతో) కలిపి వాడితే అదే మీ కమాండ్ స్టేషన్, అంటే ఇంజనుకు ఆదేశాలు పంపే సాధనం అవుతుంది. అందులోని ఎక్స్‌రెయిల్ అనే భాగంలో వరుసను రాసుకోవచ్చు: ఫలానా ఇంజను, ఫలానా ఫంక్షన్ వేయి, ఇంత వేగంతో ముందుకు, ఫలానా సెన్సర్ తగిలేదాకా ఆగు, ఆ ఫంక్షన్ తీసేయి, ఇలా. ఫంక్షన్ బటన్లలో గంటకు ఎఫ్1, హారన్‌కు ఎఫ్2, స్టార్టుకు ఎఫ్8 వాడండి. అసలు ఆర్డునో షీల్డు అయితే, 12 వోల్టుల కంటే ఎక్కువ ఇచ్చే ముందు దాని అడుగున ఉన్న విన్ కనెక్ట్ అనే గీతను కోసేయడం మరువవద్దు, లేకపోతే ఆ వోల్టేజీ మెగా బోర్డులోకి పోతుంది.

ఇప్పుడు మీ చెక్క పొడవుతో ఒక లెక్క. అమెరికా నిబంధన ప్రకారం క్రాసింగ్‌కు కనీసం 15 సెకన్ల ముందు కూత మొదలుపెట్టి, చివరి పొడుగు కూతను ఇంజను రోడ్డు మీదికి చేరేదాకా పట్టి ఉంచాలి. గంటకు 25 మైళ్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు దాదాపు 13 సెంటీమీటర్లు. 15 సెకన్లకు 190 సెంటీమీటర్లకు పైగా. మీ చెక్క మొత్తం 244 సెంటీమీటర్లే. గంటకు 10 మైళ్లకు దించితే సెకనుకు 5 సెంటీమీటర్లు, 15 సెకన్లకు 77. ఇది పడుతుంది. కనుక హారన్ సెన్సర్‌ను క్రాసింగ్‌కు 80 సెంటీమీటర్ల ముందు, రెండో సెన్సర్‌ను రోడ్డు అంచునే పెట్టండి. చివరి పొడుగు కూత ఆ రెండో సెన్సర్ తగిలినప్పుడే ఆగాలి. గోదాముకు ముందు మూడోది, బయలుదేరే చోట నాలుగోది చాలు.

అంత మెల్లగా నడవాలంటే డీకోడర్ మీ మోటారును అర్థం చేసుకోవాలి. సీవీ 54లో (డీకోడర్‌లోని 54వ సెట్టింగులో) 0 రాసి, ఎదర ఖాళీ పట్టా ఉంచి, ఎఫ్1 నొక్కితే ఇంజను ఒక్కసారి దూకి కొలతలు తానే తీసుకుంటుంది. అంతకు ముందు పాత గరుకు చక్రాలు తీసేసి నికెల్ సిల్వర్ చక్రాలు వేయండి; ఆ పాత చక్రాలకు మురికి ఎంత తుడిచినా మళ్లీ పడుతుంది, మెల్లగా నడిచేటప్పుడు ఒక్క మురికి చుక్కకే శబ్దం తెగి మళ్లీ స్టార్ట్ నుంచి మొదలవుతుంది. కరెంటు క్షణం తెగినా నడిపించే పవర్‌ప్యాక్ కెపాసిటర్ కూడా పెట్టుకుంటే నిశ్చింత.

మూడోపట్టా గారి పద్ధతి చవక, ఇంజనుకు హాని లేనిది. కానీ రొద, కూత, కదలిక మూడూ ఒకే చోట నుంచి రావడంలోని అందం ఒకసారి విన్నవారు వెనక్కి పోలేరని నా అభిప్రాయం.

షెల్ఫ్‌రైలు

అందరికీ ధన్యవాదాలు. ఆరు వారాలు పట్టింది. మోటారును విడదీశాను, స్ప్రింగు నా దగ్గరా ఎగిరింది గానీ ప్లాస్టిక్ సంచీలో చేతులు పెట్టి పని చేశాను కనుక అందులోనే దొరికింది. మీటరు మొదటిసారి ఇంకా కలిసి ఉందనే చూపింది. కత్తిరించిన కొమ్ము మొండి ఒకటి టేపును పొడిచి ఫ్రేమును తాకుతోంది. దాన్ని ఆకురాయితో నునుపు చేశాక సరిపోయింది. డీకోడర్ ఈసారి పొగ విడవలేదు.

సెన్సర్లకు మొదట ఇన్‌ఫ్రారెడ్ రకం పెట్టాను. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ పడగానే ఇంజను లేకపోయినా హారన్ మోగింది. వాటిని తీసేసి స్లీపర్ల మధ్య అయస్కాంతాన్ని పసిగట్టే ఏ3144 హాల్ సెన్సర్లు పెట్టి, ముందు బోగీ అడుగున ఉన్న ప్లాస్టిక్ మూతకు 3 మిల్లీమీటర్ల అయస్కాంతాన్ని అతికించాను. ఇప్పుడు వరుస చక్కగా నడుస్తోంది. ఒక్క చిక్కు మిగిలింది: రోజుకు ఒకసారి గేర్లలో ఏదో కరకరమంటోంది.

టంకంపొడి

మీరు పట్టాలను చెక్కకు ఇనుప మేకులతో కొట్టారా? వదులైన మేకును ఆ అయస్కాంతం లాక్కుని గేరు మూత దగ్గరకు చేరవేస్తుంది. బోగీని తిప్పి చూడండి.

షెల్ఫ్‌రైలు

రెండు మేకులు, ఒక స్టేప్లర్ పిన్ను దొరికాయి.